ఎదుటి పేజీ

మంగళవారం మా కొట్లో కత్తికి సాన పట్టే రోజు.
రెండొందల యాభై ఏళ్ల నాటి మాసపత్రికలు
అట్టలూడి, కుట్టు తెగి,
పాత బంగళాల అటకల మీంచి గోనెసంచుల్లో దిగుతాయి ఈలీకి.
వాటినెవరూ చదవరు.
మధ్యలో మడతపెట్టి కుట్టిన పటాల కోసమే మా బేరమంతా.
కౌంటీకొకటి. జేబురుమాలంత.
కొండలంటే గొంగళిపురుగులు,
అడవులంటే కొత్తిమీర చల్లినట్టు.

కోయడం మా నాన్న నేర్పాడు.
కుట్టు వెంట వేలితో ఒకసారి తడిమి
ఆపైన ఒకటే గీత.
చెయ్యి వణికితే ఒక ఊరు పోతుంది, అనేవాడు.
నా చెయ్యెప్పుడూ వణకలేదు.
పటం నలభై పౌండ్లు, రంగులద్దితే అరవై.
మిగతా కాగితమంతా కట్టలు కట్టి
బుధవారం చెత్తబండికి.

విల్ఫ్రెడ్ సెచెల్ రంగులద్దినవి కొనడు.
ముప్పై ఏడేళ్లు పంపుహౌసులో పనిచేసిన మనిషి,
డీజిల్ వాసన ఇంకా కోటు వదల్లేదు.
ఇక్కడి నేల నది కన్నా పల్లం,
పంపు ఆగిన వారానికి పొలం మళ్లీ మడుగే.
అతనికి కావలసింది ఒకే సరస్సు.
ఎప్పుడో తోడేసిన సరస్సు.
ఒక పటంలో చిక్కుడు గింజలా,
ఒక పటంలో అరిగిన చెప్పులా,
గీసినవాడెవడూ దాన్ని చూసినట్టు లేడు.
పదకొండు కొన్నాడు.
పన్నెండోది బల్ల మీద పరిచి
నీళ్ల నడుమ, బుల్లి తెరచాప పక్కన, వేలు పెట్టాడు:
"ఇదిగో మా వంటిల్లు."

నవ్వాను. డబ్బు లెక్కపెట్టుకున్నాను.

పది రోజులకి, జోరువానలో, మళ్లీ వచ్చాడు.
పటాన్ని బోర్లా తిప్పాడు.
వెనక ఖాళీయే కదా అన్నాను.
కోటు జేబులోంచి గడ్డం గీసుకునే అద్దం తీశాడు.

అప్పుడు కనిపించింది.
ఎదుటి పేజీ మీది సిరా
ఇన్నేళ్లుగా మూసిన పుస్తకం బరువుకి
కొద్దికొద్దిగా ఇటు దిగి
టీ మరకంత పల్చగా, తిరగబడి, అక్షరాలు.
ఎవరో ఈల్ చేపలు పట్టేవాడు
పత్రిక వాళ్లకి రాసుకున్న ఉత్తరం.
మాటకీ మాటకీ మధ్య బూజు.
అద్దాన్ని బల్బు కిందికి జరిపి
ముసలాయన కూడబలుక్కుని చదివాడు:
ఇంజనీర్లు వచ్చి గొలుసులతో కొలిచి వెళ్లారనీ,
అతని పెళ్లాం రెల్లు కోసి పైకప్పులకి అమ్ముతుందనీ,
అయ్యా, నీరు పోయిన నాడు మేము

అక్కడ మడత.
మడత కింద సిరా దిగలేదు.

"ఆ పేజీ ఇస్తావా? డబ్బిస్తాను."

ఏ బుధవారం వెళ్లిందో కూడా గుర్తుంది నాకు.
దాని మీద వర్షం పడకుండా టార్పాలిన్ కప్పింది కూడా నేనే.
అట్టపెట్టెలైపోయి ఉంటుంది ఈపాటికి,
ఎవరి గుడ్లో మోస్తూ ఉంటుంది.
చెప్పాను. నోరు పిడచకట్టింది.

అతను కోప్పడలేదు.
అద్దం తుడిచి జేబులో వేసుకున్నాడు.
"ఎలా ముగించి ఉంటాడంటావు?" అడిగాను, ఊరుకోలేక.

"దుంపలు వేశాం అని ఉండదులే," అన్నాడు.
కాసేపటికి, తలుపు దగ్గర గొడుగు విప్పుతూ:
"తోడినవాళ్లలో నేనూ ఒకణ్ణే కదమ్మా.
రాత్రి షిఫ్టులో ఆ మోత ఎంత బాగుండేదో.
జోలపాటలా ఉండేది."

ఇప్పుడూ కోస్తూనే ఉన్నాను. కొట్టు అద్దె ఆగదు.
కోసేముందు మాత్రం ఎదుటి పేజీ చదువుతాను.
చాలాసార్లు బార్లీ ధర,
ఆవుల దగ్గుకి చిట్కా,
ఎవరో పాదిరీ కూతురి పెళ్లి కబురు.
అయినా చింపి, మడిచి, పటంతో పాటే కవర్లో పెడతాను.
దానికి ధర వేయలేదు.
ఎవరూ అడగలేదు కూడా.

ఈ మంగళవారం పదమూడో సరస్సు దొరికింది.
సెచెల్‌కి ఫోను చేయాలి.
కత్తి పక్కన పెట్టి గంటైంది,
ఎదుటి పేజీ ఇంకా తిప్పలేదు.